మళ్లీ ఏ దేశానికీ ఆడలేకపోయిన ఆరో నంబర్

2007 జూన్ రెండో వారం. ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ గోల్డ్ కప్ ఆడడానికి అమెరికా వచ్చిన క్యూబా జట్టును హ్యూస్టన్‌లో ఒక వాల్‌మార్ట్‌కి షాపింగ్‌కి తీసుకెళ్లారు. తలా ఒక పక్క ఎవరి సామాన్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఆ గుంపులో ఒస్వాల్డో అలోన్సో అనే కుర్రాడున్నాడు. వయసు 21. వెంట వచ్చిన పెద్దల చూపు తన మీద లేదని రూఢి చేసుకుని, గుమ్మం దాటి బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికన్నది తెలియదు, ఇంగ్లీషు రాదు. కొన్ని వీధులు దాటాక స్పానిష్ మాట్లాడే మనిషి కనిపిస్తే ఫోన్ అడిగి తీసుకున్నాడు. మయామీలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, బస్సెక్కి అటే పోయాడు.

అతను లేకుండానే క్యూబా హ్యూస్టన్‌లో హోండురాస్‌తో ఆడి 5-0తో ఓడిపోయింది. హోండురాస్ ఫార్వర్డ్ కార్లోస్ పావోన్ ఒక్కడే నాలుగు కొట్టాడు.

ఈ స్కోరు నాకు కంఠతా రావడానికి కారణం మా ఆఫీసులో ఉన్న ఒక హోండురాస్ ఆయన. నేను సియాటిల్ వచ్చింది 2009లో, రిసెషన్ మధ్యలో. ప్రాజెక్టు ఎప్పుడు పోతుందో, దాంతోపాటు వీసా ఎప్పుడు పోతుందో అన్న టెన్షన్ రోజులవి. ఆ ఏడాదే సియాటిల్ సౌండర్స్ ఇక్కడి పెద్ద ఫుట్‌బాల్ లీగు మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్)లోకి కొత్త జట్టుగా అడుగుపెట్టింది. ఈయన దగ్గర ఒక టికెట్ మిగిలితే నన్ను లాక్కెళ్లాడు. అప్పటిదాకా నాకు ఆటంటే క్రికెట్టే. మ్యాచ్ మొదలైన కాసేపటికి "బంతిని చూడకు, ఆ ఆరో నంబర్‌ని చూడు" అన్నాడు. ఆరో నంబర్ అలోన్సోదే. వాల్‌మార్ట్ కథ, పావోన్ నాలుగు గోల్స్ కథ నాకు చెప్పింది కూడా ఆయనే. ఆ కుర్రాడు ఆడి ఉంటే మాకు మూడుకు మించి వచ్చేవి కావని ఆయన లెక్క.

అలోన్సో ఊరు శాన్ క్రిస్టోబాల్, హవానాకు పశ్చిమాన. అప్పట్లో అది పినార్ డెల్ రియో ప్రావిన్సులో ఉండేది, 2011లో ఆర్తెమీసా కిందికి మార్చారు. అమెరికాలో పాత తరం వాళ్లకి ఈ ఊరి పేరు ఫుట్‌బాల్ వల్ల తెలియలేదు. 1962 అక్టోబర్‌లో అమెరికా గూఢచారి విమానం యూ-2 సోవియట్ క్షిపణుల స్థావరాన్ని ఫొటోలు తీసింది ఈ ఊరి చుట్టుపక్కలే. ప్రపంచం మొత్తం రెండు వారాలు ఊపిరి బిగబట్టిన గొడవ అక్కడ మొదలైంది.

క్యూబాలో ఆటంటే బేస్‌బాల్. తర్వాత బాక్సింగ్. ఫుట్‌బాల్ వాళ్లకి చెప్పుకోవడానికి పాత ముచ్చట ఒకటుంది: 1938 ప్రపంచకప్‌లో రుమేనియాతో 3-3 డ్రా చేసుకుని, రీప్లేలో 2-1తో గెలిచారు. క్వార్టర్‌ఫైనల్లో స్వీడన్ చేతిలో 8-0తో చిత్తయ్యారు. అంతే, మళ్లీ ప్రపంచకప్ గడప తొక్కలేదు. విప్లవం వచ్చాక ప్రొఫెషనల్ క్రీడలనే రద్దు చేశారు. ఎంత గొప్పగా ఆడినా ఆటగాడు ప్రభుత్వ జీతగాడే. విదేశీ క్లబ్బులతో కాంట్రాక్టుకు సర్కారు తలుపు తెరిచింది 2013లో. అలోన్సో కాలానికి క్యూబాలో ఫుట్‌బాల్‌తో బతకాలనుకుంటే ఒకటే దారి, విదేశీ టోర్నీకి వెళ్లినప్పుడు జట్టు నుంచి తప్పించుకోవడం.

ఆ పని చేసింది అతనొక్కడే కాదు. 2002 గోల్డ్ కప్ అప్పుడు రేయ్ ఆంఖెల్ మార్టినెజ్, అల్బెర్తో దెల్గాదో జట్టు వదిలి వెళ్లిపోయారు. 2005లో మైకెల్ గలిందో ఏకంగా మా సియాటిల్లోనే తప్పించుకున్నాడు, తర్వాత అప్పట్లో ఇదే పేరుతో చిన్న లీగులో ఉన్న సౌండర్స్‌కే ఆడాడు. 2007లో అలోన్సో కంటే కొన్ని రోజుల ముందు లెస్టర్ మోరే పోయాడు. ఇక 2008 మార్చిలో టాంపాలో జరిగింది మరీ విచిత్రం. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి వచ్చిన క్యూబా అండర్-23 జట్టు అమెరికాతో 1-1 డ్రా చేసుకుంది. ఆ తర్వాత ఏడుగురు ఆటగాళ్లు మాయం. మిగిలినవాళ్లలో ఒకడికి రెడ్ కార్డు వల్ల సస్పెన్షన్. హోండురాస్‌తో తర్వాతి మ్యాచ్‌కి పది మందే దిగారు, 2-0తో ఓడిపోయారు. మా ఆఫీసాయన ఈ గెలుపును మాత్రం లెక్కలో వేసుకోడు.

ఇక్కడ మనవాళ్ల కోసం చిన్న పక్కదారి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం క్యూబా మనిషి ఈ నేల మీద కాలు పెడితే చాలు, ఉండనిచ్చేవాళ్లు. ఏడాది ఒక రోజు గడిచాక గ్రీన్‌కార్డుకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు, గ్రీన్‌కార్డు క్యూలో వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా తెరిచి ప్రయారిటీ డేటు ఎటు జరిగిందో చూసుకునే మనిషిగా నాకు కడుపు మండిందని దాచుకోను. కానీ అవతలి పేజీ కూడా చదవాలి కదా. మనం శంషాబాద్‌లో అమ్మానాన్నలకి చెయ్యి ఊపి, ఆవకాయ జాడీ చెకిన్ బ్యాగులో పెట్టుకుని విమానం ఎక్కుతాం. సెలవు దొరికితే సంక్రాంతికి వెళ్లొస్తాం. అధికారిక బృందంతో వచ్చి తప్పించుకున్న క్యూబా వాడిని ఎనిమిదేళ్లపాటు సొంత దేశంలో అడుగుపెట్టనిచ్చేవాళ్లు కాదు. వెళ్తున్నానని ఇంట్లో వాళ్లతో చెప్పినా ప్రమాదం, చెప్పకపోయినా బాధ. ఆ షరతు మీద ఏడాదిలో గ్రీన్‌కార్డు ఇస్తామంటే నేనైతే నా క్యూలోనే నిలబడేవాణ్ణి.

మయామీ నుంచి అతని ఫుట్‌బాల్ వెంటనే పట్టాలెక్కలేదు. లాస్ ఏంజెలెస్‌లోని చీవాస్ యూఎస్ఏ దగ్గర కొన్నాళ్లు రిజర్వ్ ఆటగాళ్లతో ఉన్నాడు, అక్కడ కుదరలేదు. 2008లో చార్ల్స్‌టన్ బ్యాటరీ అనే రెండో శ్రేణి జట్టు తీసుకుంది. సౌత్ కెరొలైనాలో చిన్న క్లబ్బు. లెస్టర్ మోరే కూడా అక్కడికే చేరాడు. ఆ ఏడు ఆ చిన్న జట్టు, చిన్నా పెద్దా క్లబ్బులన్నీ కలిసి ఆడే యూఎస్ ఓపెన్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లి, వాషింగ్టన్‌లో డీసీ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడింది. ఓడితే ఓడింది గానీ, పెద్ద లీగు వాళ్ల కళ్లు అలోన్సో మీద పడ్డాయి. మరుసటి ఏడు అతను సియాటిల్‌లో ఉన్నాడు.

అతని స్థానం డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. పెళ్లి భోజనాల దగ్గర వడ్డన చూసుకునే బాబాయి ఉంటాడే, అలాంటి పని. పంక్తి సాఫీగా నడిస్తే ఎవరూ ఆయన్ని తలుచుకోరు, సాంబారు ఆలస్యమైతే అందరికీ ఆయనే కనిపిస్తాడు. అవతలి జట్టు దాడి ఎక్కడ మొదలవుతుందో అక్కడికి ముందే చేరుకోవాలి. బంతి లాక్కోవాలి, లాక్కున్నాక తొందరపడకుండా పక్కవాడికి అందించాలి. మళ్లీ తన చోటుకి రావాలి. తొంభై నిమిషాలూ ఇదే.

మా ఆఫీసాయన చెప్పినట్టు బంతిని వదిలేసి అలోన్సోనే చూడడం మొదలుపెట్టాక నాకు తెలిసింది, అతను పరిగెత్తేది చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. బంతి అటు చివర ఉన్నప్పుడు మెడ తిప్పి తిప్పి వెనక్కి చూసుకుంటూ ఉంటాడు. నాలుగడుగులు ఎడమకి, రెండడుగులు వెనక్కి. ప్రత్యర్థి పాస్ ఇచ్చేవేళకి ఆ దారిలో ఇతను నిలబడి ఉంటాడు. ట్యాకిల్‌కి దిగితే మాత్రం మొహమాటం ఉండదు. ఎల్లో కార్డులు బాగానే పోగేశాడు. సియాటిల్ అభిమానులు అతన్ని ముద్దుగా హనీ బ్యాడ్జర్ అనేవాళ్లు, పాము కాటేసినా లెక్కచేయని ఆ ఆఫ్రికా జంతువు పేరు. సిగీ ష్మిడ్ కోచ్‌గా ఉన్న ఆ తొలి ఏళ్లలో జట్టు 2009, 2010, 2011 మూడేళ్లూ వరసగా ఓపెన్ కప్ గెలిచింది.

గోల్స్ అతని శాఖ కాదు. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. అందుకే 2011 అక్టోబర్ 4 రాత్రి ఇప్పటికీ గుర్తు. ఓపెన్ కప్ ఫైనల్, షికాగో ఫైర్‌తో, మా స్టేడియంలోనే. 35,615 మంది వచ్చారు, ఆ కప్పు ఫైనల్‌కి అంతకుముందు ఎన్నడూ అంతమంది రాలేదు. మా ఫ్రెడీ మొంటేరో గోల్‌తో 1-0. ఇంజురీ టైమ్ నడుస్తోంది, షికాగో వాళ్లంతా స్కోరు సమం చెయ్యాలని ముందుకొచ్చేశారు. అలోన్సోకి బంతి దొరికింది. అలాంటప్పుడు అందరూ చేసే పని బంతిని మూలకి తీసుకెళ్లి టైమ్ గడపడం. ఇతను నేరుగా గోల్ వైపు తిరిగాడు. అడ్డొచ్చినవాళ్లని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ లోపలికి దూసుకుపోయి కొట్టేశాడు. నా పక్క సీట్లో ముసలాయన చేతిలో బీరు నా జాకెట్ మీద పడింది. సారీ కూడా చెప్పలేదు, కౌగిలించుకున్నాడు. సాకర్ అంటే మెత్తటి ఆటని అనుకునే మా ఇంటావిడకి ఆ వాసన ఎక్కడిదో చెప్పడానికి మాత్రం కొంచెం కష్టపడ్డాను.

2012లో రెండు జరిగాయి. లీగు ఆ ఏటి అత్యుత్తమ పదకొండు మందిలో అతన్ని చేర్చింది. అమెరికా పౌరసత్వం వచ్చింది. సియాటిల్ ఫోరాల్లో, బార్లలో ఒకటే మాట: ఇక అమెరికా జాతీయ జట్టులోకి తీసుకోవచ్చు కదా అని. అతనికీ ఆ కోరిక ఉండేది. కుదరదని ఫిఫా నిబంధన చెబుతోంది. ఒక దేశపు సీనియర్ జట్టుకి అధికారిక టోర్నీలో ఆడిన ఆటగాడు మరో దేశానికి మారడానికి వీల్లేదు. 2007 గోల్డ్ కప్‌లో హ్యూస్టన్ రాకముందు క్యూబా రెండు మ్యాచులు ఆడింది, మెక్సికోతో 2-1 ఓటమి, పనామాతో 2-2 డ్రా. అతన్ని అమెరికాకి తీసుకొచ్చిన ఆ టోర్నీయే అమెరికా జెర్సీకి అడ్డుపడింది. 2020లో ఫిఫా ఈ నిబంధనను కొంత సడలించింది గానీ, అది 21 ఏళ్లు నిండకముందు కొద్దిపాటి మ్యాచులు ఆడి ఆగిపోయినవాళ్ల కోసం. ఆ గోల్డ్ కప్ నాటికి అలోన్సోకి 21 దాటి ఏడు నెలలు.

క్యూబా పిలిచే ప్రశ్నే లేదు. జట్టు వదిలిపోయినవాడి పేరు అక్కడ ఎత్తరు. 21 ఏళ్లకే అతని అంతర్జాతీయ ఆట ముగిసిపోయింది. ఆటగాడికి అసలైన వయసు అప్పుడే మొదలవుతుంది.

ఇందులో తప్పెవరిదని నన్నడిగితే ఫిఫాని పూర్తిగా తప్పుపట్టలేను. ఆ నిబంధన లేకపోతే డబ్బున్న దేశాలు ఆటగాళ్లని కొనేసుకుంటాయి. కానీ సొంత దేశం జట్టులోంచి శాశ్వతంగా వెలివేసిన ఆటగాడికి ఒక మినహాయింపు రాయడానికి అంత కష్టమేముంది? నిబంధనలో ఒక్క వాక్యం సరిపోయేది.

2016 అక్టోబర్ 7న అమెరికా జట్టు హవానా వెళ్లి పెద్రో మరేరో స్టేడియంలో క్యూబాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 2-0తో గెలిచింది. 1947 తర్వాత ఆ రెండు దేశాలకీ అక్కడ అదే మొదటి ఫ్రెండ్లీ. ఒబామా హవానా వెళ్లొచ్చిన ఏడాది, సంబంధాలు బాగుపడుతున్నాయని అందరూ మురిసిపోతున్న రోజులు. ఆ మైదానంలో రెండు జట్లలో దేనికైనా సరిపోయే మిడ్‌ఫీల్డర్ ఒకడు సియాటిల్‌లో ఉన్నాడని నేనైతే ఆ మ్యాచ్ పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఏడాదే అతనికి అన్నిటికంటే పెద్ద గెలుపు వచ్చింది. సీజన్ ఘోరంగా మొదలైంది. జులైలో సిగీ ష్మిడ్ వెళ్లిపోయాడు, అసిస్టెంటుగా ఉన్న బ్రయన్ ష్మెట్జర్ చేతికి జట్టు వచ్చింది. గుండె సమస్యతో జట్టులోని స్టార్ ఫార్వర్డ్ క్లింట్ డెంప్సీ సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు. అక్కడి నుంచి ఎలా పుంజుకున్నారో గానీ డిసెంబర్ 10న టొరంటోలో, టొరంటో జట్టుతోనే, లీగు విజేతను తేల్చే ఎంఎల్ఎస్ కప్ ఫైనల్‌కి చేరారు. అలోన్సో మోకాలు అప్పటికే దెబ్బతిని ఉంది. గడ్డకట్టే చలి. 120 నిమిషాలు ఆడినా సియాటిల్ గోల్ మీదికి గురిగా ఒక్క షాట్ కూడా కొట్టలేదు. ఒక్కటీ లేదు! ఎక్స్‌ట్రా టైమ్‌లో టొరంటో ఫార్వర్డ్ జోజీ ఆల్టిడోర్ తలతో కొట్టిన బంతిని మా గోల్‌కీపర్ స్టెఫాన్ ఫ్రై వెనక్కి ఎగురుతూ ఒంటిచేత్తో బయటికి నెట్టిన తీరు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పెనాల్టీల్లో చివరిది మా పనామా డిఫెండర్ రొమాన్ టోరెస్ కొట్టాడు, 5-4. టీవీలో అందరూ ఫ్రై చుట్టూ మూగారు, న్యాయమే. కానీ టొరంటోకి ఇటాలియన్ సెబాస్టియన్ జొవింకో ఉన్నాడు, ఆల్టిడోర్ ఉన్నాడు. అలాంటివాళ్లని రెండు గంటలపాటు ఒక్క గోల్ కూడా చెయ్యనివ్వని జట్టు మధ్యలో ఎవరున్నారో మా ఆఫీసాయనకీ నాకూ తెలుసు.

2018 సీజన్‌తో సియాటిల్ అతన్ని వదులుకుంది. పదేళ్లు ఆడాడు, వయసు 33, లెక్కలు లెక్కలే. మిన్నెసోటా యునైటెడ్ తీసుకుంది. 2019 ఏప్రిల్ 13న ఆ క్లబ్బు కొత్త స్టేడియం అలియాంజ్ ఫీల్డ్ తెరిస్తే, అందులో మొట్టమొదటి గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? గోల్స్ తన శాఖ కాని మన అలోన్సోనే. అదే ఏడు నవంబర్‌లో ఇక్కడ సియాటిల్ మళ్లీ కప్పు గెలిచింది, ఈసారి సొంత మైదానంలో, 69,274 మంది ముందు. నేనూ వెళ్లాను, కంఠం పోయేలా అరిచాను. మనసులో ఒక మూల, అలోన్సోని వదులుకోవడానికి ఒక ఏడాది ఆగి ఉంటే వీళ్ల సొమ్మేం పోయేదని కూడా అనుకున్నాను.

2020 డిసెంబర్‌లో సియాటిల్, మిన్నెసోటా లీగు సెమీస్‌లో ఎదురుపడ్డాయి. కోవిడ్ వల్ల స్టేడియం ఖాళీ. మిన్నెసోటా 2-0తో ముందుంది, ఇంకో పావుగంట. అక్కడి నుంచి సియాటిల్ మూడు కొట్టింది. గెలుపు గోల్ ఇంజురీ టైమ్‌లో గుస్తావ్ స్వెన్సన్‌ది, సియాటిల్లో ఒకప్పుడు అలోన్సో చేసిన పని చేస్తున్న మనిషి. నేను సియాటిల్ వైపే, గెలిచినందుకు సంతోషమే. కానీ ఆ రాత్రి మా ఆఫీసాయనకి మెసేజ్ పెట్టబుద్ధి కాలేదు. ఆయనా పెట్టలేదు. తర్వాత అలోన్సో అట్లాంటాకి వెళ్లాడు, 2022 సీజన్ మొదట్లోనే మోకాలి లిగమెంట్ తెగింది. 36 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కి అదేమంత చిన్న విషయం కాదు.

ఈలోగా క్యూబా మనసు సగం మారింది. 2021 మార్చిలో ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌కి సర్కారు కాంట్రాక్టు లేకుండా విదేశాల్లో ఆడుతున్న కొందరిని మొదటిసారి పిలిచారు. వాళ్లలో పేరున్నవాడు ఓనెల్ హెర్నాండెజ్. మొరోన్‌లో పుట్టి ఆరేళ్లప్పుడు తల్లితో జర్మనీ వెళ్లినవాడు. ఇంగ్లండ్ క్లబ్బు నార్విచ్‌కి ఆడి, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి క్యూబన్ అయ్యాడు. 2019 అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద గోల్ కొట్టి, ఆ లీగులో గోల్ చేసిన తొలి క్యూబన్ కూడా అయ్యాడు. ఓనెల్ మొదటి మ్యాచ్‌లో క్యూబా గ్వాటెమాలాతో 1-0తో ఓడిపోయింది. పిలుపు అందుకున్నవాళ్లు పద్ధతి ప్రకారం దేశం వదిలినవాళ్లు. అలోన్సోలాగా టోర్నీ మధ్యలో వెళ్లిపోయినవాళ్లకి ఆ తలుపు తెరవలేదు.

2023 గోల్డ్ కప్‌లో ఫ్లోరిడాలో గ్వాటెమాలాతో ఆడాక క్యూబా ఆటగాళ్లు కొందరు మళ్లీ మాయమయ్యారు, మిగిలిన జట్టు హ్యూస్టన్ వెళ్లి మిగతా మ్యాచులు ఆడింది. ఇప్పుడు పోయేవాళ్లకి అలోన్సోకి దొరికిన సుళువు కూడా లేదు. కాలు పెడితే ఉండనిచ్చే పద్ధతిని 2017 జనవరి 12న ఒబామా ప్రభుత్వం వెళ్లిపోతూ ఎత్తేసింది.

క్యూబా ఫుట్‌బాలర్లలో ఎవరు గొప్ప అని మా ఆఫీసాయనతో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. ఆయన ఓటు ఓనెల్‌కి. ప్రీమియర్ లీగ్ ప్రీమియర్ లీగే అంటాడు. నేను ఒప్పుకోను. ఓనెల్ ఆట నేర్చుకున్నది జర్మనీ అకాడమీల్లో. అలోన్సో పినార్ డెల్ రియో జట్టులో నేర్చుకున్న ఆటతోనే వచ్చాడు. ఇక్కడ అతనికి కొత్తగా దొరికింది జీతం, మంచి బూట్లు, వారం వారం పోటీ. అంతమాత్రానికే అయిదేళ్లలో లీగు అత్యుత్తమ పదకొండు మందిలో నిలిచాడు. బేస్‌బాల్ దేశం అంతటి మిడ్‌ఫీల్డర్‌ని తయారుచేసి, ఆపైన ఒక్క మ్యాచ్‌కైనా పిలవలేదు.